నూట పద్నాలుగో సంచి

ఆటోనగర్‌లో రేకుల షెడ్డు.
ఏసీ ఒక్క గదికే, అదీ మైక్రోస్కోపుల కోసం.
నా పేరు నూకాలు.
చిన్నప్పుడు నూకల్లో రాళ్ళేరాను.
ఆ గదిలో మూడేళ్ళు రాళ్ళల్లో నూకలేరాను,
గంటకు నలభై అయిదు రూపాయలకి.

సంచులు ఓడలో వచ్చేవి.
ఉత్తరాన ఎక్కడో, చెట్టన్నది మొలవని చోట,
ఎండాకాలం రెండే నెలలట,
హెలికాప్టరు దిగి, దోమలకి ముఖాలు కప్పుకుని
ఎవరో కుర్రాళ్ళు పారతో ఎత్తిపోసిన మన్ను.
సంచికో నంబరు. ఊరు పేరు లేని చిరునామా.
మొదటి సంచి విప్పినరోజు వాసన చూశాను.
ఏ వాసనా లేదు.
మన్నుకి వాసన లేకపోవడం
అదే చూడ్డం నేను.

"జూనియర్ కంపెనీ అమ్మా" అన్నారు జగ్గునాయుడుగారు.
గని లేదు, వజ్రం లేదు,
ఉన్నదల్లా ఒక పటం, కాస్త ఎవరిదో డబ్బు.
దొరికితే పెద్ద కంపెనీ వచ్చి
చంకనెత్తుకుంటుంది.
దొరక్కపోతే?
ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

వజ్రం కోసం ఎవరూ వజ్రాన్ని వెతకరు.
దాంతో పాటు పైకొచ్చిన చుట్టాలని వెతుకుతారు:
నేరేడుపండు నలిపిన రంగు గార్నెట్,
కరివేప చిగురులాంటి పచ్చ నలుసు,
మాడిన ఆవగింజలాంటి నల్లది.
మంచు ఈడ్చుకుపోయిన దారంతా
అవి రాలుతూ పోతాయి.
గింజ వెంట గింజ, వెనక్కి, ఇంకా వెనక్కి నడిస్తే
ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోతాయి.
అక్కడ తవ్వాలి.

మా అయ్యా ఇలాగే వెతికేవాడు.
లైట్‌హౌసు మీదికి యారాడ కొండ ఎక్కేదాకా,
కైలాసగిరి వెనక సింహాచలం కొండ దాక్కునేదాకా
తెడ్డేసి, ఆపి,
"ఇక్కడే" అనేవాడు, నీళ్ళలోకి చూడకుండానే.
ఇప్పుడాయనకి కొండలూ మసకే.
నా గింజల సంగతి చెబితే అడిగాడు:
"అక్కడ గేలమేసి ఇక్కడ లాగుతారేటే?
మరి సేప ఎవుడిది?"

ఎనభై ఎనిమిదో సంచిలో ఏడు గింజలు.
ఏడూ నేరేడు రంగువే.
ఊపిరి తగిలితే ఎగిరిపోతాయని
నోరు మూసుకుని, సూదికొన తడిపి
ఒక్కొక్కటే ఎత్తి గాజుబిళ్ళ మీద పెట్టాను.
ఆ వారం, నేను చూడని ఊళ్ళో
నాకు తెలీని షేరు మూడింతలయిందట.
మనిషికో ముక్క మాడుగుల హల్వా పంచారు.
వేళ్ళకంటిన నెయ్యి పోయేదాకా
సూది ముట్టుకోనివ్వలేదు.

మరుసటి ఎండాకాలం రిగ్గు దింపారు.
రాయి వచ్చింది. కింద ఇంకా రాయి.
ఫోన్లు తగ్గాయి.
రెండు నెలల జీతం "వచ్చే సోమవారం" అయింది.
కంపెనీకి నూకలు చెల్లాయన్నారెవరో,
షెడ్డంతా నావైపు తిరిగి నవ్వింది.
నేనూ నవ్వాను, ఏం చెయ్యను.

ఆ సాయంత్రం జాలారిపేట ఒడ్డున నడిచాను.
అల వెనక్కి లాగినప్పుడల్లా
ఇసుకమీద నల్లచారా, ఎర్రచారా.
పిక్కలదాకా అంటుకున్న ఆ ఎరుపూ గార్నెట్టే,
మా కొండల్లోంచి నడిచొచ్చిందే, మామూలుది,
దాని వెనక ఎంత దూరం పోయినా
ఎవరి షేరూ లేవదు.
కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మంది అమ్మ,
కవళ్ళు ఎండబెట్టిన పట్టా మడుస్తూ.

షెడ్డిప్పుడు రొయ్యల మేత గోడౌను.
నేను తూకం దగ్గర.
నూట పద్నాలుగో సంచి విప్పనేలేదు.
పంపమని అడిగేవాళ్ళు లేరు,
పారెయ్యమని చెప్పేవాళ్ళూ లేరు.
వాచ్‌మన్ గవరయ్య దాన్ని ఈడ్చుకెళ్ళి
నీళ్ళ డ్రమ్ము కింద, వంపున్న వైపు తోశాడు.
డ్రమ్ము ఊగడం మానేసింది.

చెంబు ముంచుకుని కాళ్ళకి పోసుకుంటుంటే
నా చూపుడువేలూ బొటనవేలూ
వాటంతటవే
సూదికోసం దగ్గరకొస్తాయి.